తెలుగు వత్తులకి కోడ్ నంబర్లు ఎందుకు లేవు? పేర్లు ఎక్కడ తెగిపోతాయి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదండి: అంబాజీపేటలో కొబ్బరి కొనుగోలు చీటీలు వేసే యాప్ చేస్తున్నారు. కన్నడంలో నడుస్తున్న యాప్ కోడ్ తెచ్చి తెలుగుకి మార్చారు. రైతు పేరు "వెంకటలక్ష్మి" అని కొడితే చీటీ మీద "వెంకటలక్ష్" దగ్గర తెగిపోతోంది. ఫోన్లో బాగానే కనబడ్డ పేరు ప్రింటర్‌లో వత్తులు విడిపోయి వస్తోంది. జాబితాలో కళ్ళెదుట ఉన్న పేరే వెతికితే దొరకట్లేదు. వత్తులకి విడిగా కోడ్ నంబర్లు ఉంటే ఈ తిప్పలు తప్పుతాయి కదా, అవి ఎక్కడ దొరుకుతాయి అని అడిగారు.

వత్తులకి విడి కోడ్‌లు లేవు. యూనికోడ్‌లో (ప్రతి లిపి గుర్తుకీ ఒక నంబరు ఇచ్చే ప్రమాణంలో) వత్తు అంటే పొల్లు, దాని వెనక ఒక మామూలు హల్లు. అంతే. కింద చేరే రూపాన్ని ఫాంటు, దాన్ని నడిపే షేపింగ్ ఇంజిన్ కలిసి తెర మీద తయారుచేస్తాయి. కాబట్టి మీరు వెతకాల్సింది కొత్త కోడ్‌లు కాదు. మీ ప్రోగ్రామ్‌లో పేరుని కోసే చోట, లెక్కపెట్టే చోట, పోల్చే చోట, ప్రింటర్‌కి పంపే చోట "ఒక కోడ్ అంటే ఒక అక్షరం" అనుకుని రాసిన వరసలన్నీ పట్టుకోవాలి. మీ మూడు ఇబ్బందులూ అక్కడివే.

ముందు నిల్వ సంగతి. తెలుగుకి యూనికోడ్‌లో 3072 నుంచి 3199 వరకు 128 చోట్లు ఉన్నాయి (నంబర్లన్నీ దశాంశంలో ఇస్తున్నాను). 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ తెలుగు ఉంది. భారతీయ లిపులకి మన దేశంలో చేసిన ఇస్కీ ప్రమాణం వరసనే యూనికోడ్ తీసుకుంది. క 3093, ర 3120, ష 3127, పొల్లు 3149. హల్లు తన "అ"తో కలిపే నిల్వ ఉంటుంది. తలకట్టుకి కోడ్ లేదు. గుణింతపు గుర్తు వస్తే ఆ "అ" పోతుంది, పొల్లు వస్తే అచ్చే ఉండదు.

"ద్రాక్షారామం" తీసుకోండి. మన నోటికి నాలుగు అక్షరాలు: ద్రా, క్షా, రా, మం. డేటాబేస్‌లో మాత్రం ఇలా ఉంటుంది: ద, పొల్లు, ర, దీర్ఘం, క, పొల్లు, ష, దీర్ఘం, ర, దీర్ఘం, మ, సున్నా. మొత్తం పన్నెండు కోడ్‌లు. యూటీఎఫ్-8లో (కోడ్‌లని బైట్లుగా దాచే పద్ధతిలో) ఒక్కో తెలుగు కోడ్‌కి 3 బైట్లు కాబట్టి 36 బైట్లు. అంటే ఒకే పేరు నాలుగు, పన్నెండు, ముప్పై ఆరు. మీ ప్రోగ్రామ్‌లో ఏ ఫంక్షన్ ఈ మూడింట్లో ఏది చెబుతోందో తెలియకుండా దాని మీద ఆధారపడకండి.

ఇక్కడ చాలామంది తడబడే విషయం ఒకటుంది. చేత్తో "స్త్రీ" రాసేటప్పుడు మనం స రాసి, గుడిదీర్ఘం పెట్టి, ఆ తర్వాత కింద త వత్తు, ర వత్తు వేస్తాం. నిల్వలో ఆ వరస చెల్లదు. రాసే వరస కాదు, పలికే వరస: స, పొల్లు, త, పొల్లు, ర, ఆఖర్న గుడిదీర్ఘం. గుడిదీర్ఘం పలుకులో చివరి హల్లుది, కంటికి మాత్రం మొదటి హల్లు నెత్తిన కనబడుతుంది. దాన్ని పైకి చేర్చడం షేపింగ్ ఇంజిన్ పని. గుడి ముందు, పొల్లు వెనక పడ్డ డేటా మీ దగ్గర ఉంటే తెర మీద అక్షరం విరిగి కనబడుతుంది, కొన్నిచోట్ల చుక్కల సున్నా కూడా రావచ్చు. అలా కనబడిందంటే తప్పు డేటాలో ఉన్నట్టే, ఫాంటు మార్చినా పోదు.

ఇప్పుడు మీ "వెంకటలక్ష్" సంగతి. కోడ్‌ల లెక్కన ఆ పేరు: వ, ఎత్వం, సున్నా, క, ట, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. పన్నెండు. మీ చీటీ గడిలో ఎక్కడో పది అని పరిమితి ఉంది. పదో కోడ్ రెండో పొల్లు. అక్కడ కోస్తే సరిగ్గా "వెంకటలక్ష్" మిగులుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. తెగిన చోట పొల్లు వేలాడుతోంది కాబట్టి దాని వెనక ఖాళీ లేకుండా "గారు" అతికిస్తే గ వత్తై కిందకి దిగిపోతుంది: "వెంకటలక్ష్గారు". పరిమితి బైట్లలో ఉంటే మరీ అన్యాయం. ద్రాక్షారామాన్ని 20 బైట్ల దగ్గర కోస్తే ఆరు కోడ్‌లు, ఏడో దానిలో రెండు బైట్లు వస్తాయి. "ద్రాక్" తర్వాత ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ కనబడేది అందుకే. ఒరాకిల్‌లో వార్‌చార్2 పరిమితి మామూలుగా బైట్లలోనే ఉంటుంది, 30 అని పెడితే పది తెలుగు కోడ్‌లు పడతాయి. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌లలో పరిమితి కోడ్‌ల లెక్క. పేరుకి 100 కోడ్‌లకి తక్కువ పెట్టకండి. ఇంటిపేరు, అసలు పేరు, తండ్రి పేరు ఒకే గడిలో రాసే అలవాటు మన దగ్గర ఉంది.

కోయక తప్పనిచోట అక్షరాల హద్దు దగ్గరే కోయండి. దీనికి యూనికోడ్ పనులు చేసిపెట్టే ఐసీయూ లైబ్రరీలో బ్రేక్ ఐటరేటర్, జావాస్క్రిప్ట్‌లో ఇంట్ల్ సెగ్మెంటర్ ఉన్నాయి. కానీ ఒక జాగ్రత్త. యూనికోడ్ 15.1 (2023) వచ్చేవరకు ఆ నియమం పొల్లు దగ్గర ఆగిపోయేది: "స్త్రీ" మూడు ముక్కలు (స్, త్, రీ), ద్రాక్షారామం ఆరు ముక్కలు. 15.1లో తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులకి సంయుక్తాక్షరాన్ని ఒక్కటిగా ఉంచే నియమం చేర్చారు. మీ రైతుల ఫోన్లలో పాత ఆండ్రాయిడ్‌లు ఉంటాయి కాబట్టి ద్రాక్షారామాన్ని ఒకే ప్రోగ్రామ్ ఒక ఫోన్లో నాలుగు అని, ఇంకో ఫోన్లో ఆరు అని చెబుతుంది. చీటీ లాంటి డబ్బు లెక్కల కాగితం మీద ఈ తేడా ఉండకూడదు. నా మాటగా చెప్పాలంటే, మీరే చిన్న ఫంక్షన్ రాసుకోవడం మేలు. నియమం ఇంతే: ఒక హల్లుతో మొదలుపెట్టండి. దాని వెనక పొల్లు, ఆ వెనకే హల్లు వస్తున్నంతసేపు కలుపుకుంటూ పోండి. ఆపైన గుణింతపు గుర్తు గానీ చివరి పొల్లు గానీ ఉంటే కలపండి. సున్నా, అరసున్నా, విసర్గ ఉంటే అవీ కలపండి. పొల్లు వెనక 8204 కోడ్ (తర్వాతి హల్లుతో కలవనివ్వని కనబడని గుర్తు, దీని సంగతి కింద ఉంది) ఉంటే దాన్నీ కలుపుకుని అక్కడితో అక్షరం పూర్తి. అచ్చు వస్తే అది తనంతట తనే ఒక అక్షరం, వెనకున్న సున్నాతో సహా.

జాబితాలో పేరు పక్కన గుండ్రంగా మొదటి అక్షరం చూపించే చోట కూడా ఇదే ఫంక్షన్ వాడండి. శ్రీను పేరుకి "శ" కాదు, "శ్రీ" రావాలి. బ్యాక్‌స్పేస్ మాత్రం ఒక్కో కోడే చెరపాలి, దాని జోలికి పోకండి. టైపు చేసేవాడు వత్తు ఒక్కటే మార్చాలనుకుంటే అక్షరమంతా పోవడం విసుగు.

చీటీ మీద ఎన్ని అక్షరాలు పడతాయో కూడా సంఖ్యతో తేల్చకండి. క్ష్మి, ఘౌ ఒకే వెడల్పు కావు. వాక్యం వెడల్పు కొలిచి, పట్టకపోతే చివరి నుంచి ఒక్కో అక్షరం తీస్తూ రండి.

కన్నడ కోడ్ గురించి. తెలుగు, కన్నడ వరసలు పక్కపక్కనే, సరిగ్గా 128 తేడాతో ఉంటాయి. తెలుగు క 3093, కన్నడ క 3221. అందుకే ఎవరైనా 128 తీసేసి తెలుగైపోయింది అనుకుంటారు. నిల్వ వరకు చాలాభాగం నిజమే. తెర మీద రకారం దగ్గర తేడా బయటపడుతుంది. "తూర్పు"లో ర, పొల్లు, ప, కొమ్ము అనే నాలుగు కోడ్‌లు చూడండి. తెలుగులో ర నిలబడుతుంది, కొమ్ము దానికే తగులుతుంది, ప వత్తై కిందకి వెళుతుంది. కన్నడంలో ప నిలబడుతుంది, ర కుడి పక్కన గుర్తుగా మారుతుంది. దేవనాగరిలోనూ ప నిలబడి ర కొక్కెమై నెత్తికెక్కుతుంది. మనకీ పూర్వం వలపలగిలక (రకారాన్ని కుడి పక్కన వేసే గుర్తు) ఉండేది గానీ ఇప్పటి రాతలో లేదు. మీ కన్నడ యాప్‌లో రకారాన్ని చేత్తో జరిపే భాగం ఏదైనా ఉంటే, ముఖ్యంగా ప్రింటర్ కోసం ఎవరైనా రాసుకున్నది ఉంటే, దాన్ని పూర్తిగా తీసేయండి. అంతర్వేది, తూర్పు, సూర్యనారాయణ అన్న మూడు మాటలు ప్రింటు తీస్తే అది ఉందో లేదో తెలిసిపోతుంది.

ఇక 8204 అన్నాను కదా, అది జీరో విడ్త్ నాన్ జాయినర్. కనబడదు, చోటు తీసుకోదు. పొల్లుకీ తర్వాతి హల్లుకీ మధ్య కూర్చుని "కలవకండి" అని చెబుతుంది. "ప్రసాద్" వెనక ప్రోగ్రామ్ "కు" అతికిస్తే "ప్రసాద్కు" అవుతుంది, ద కింద క వత్తు. మధ్యలో 8204 ఉంటే "ప్రసాద్‌కు". అనువాద ఫైల్లో పేరు వెనక నేరుగా విభక్తి పెట్టిన వాక్యం ప్రతిదీ ఇలా విరుగుతుంది. పేరు పొల్లుతో ముగిస్తే 8204 చేర్చమని రాయవచ్చు. కానీ లక్ష్మికి, ప్రసాద్‌కు అంటూ కి, కు కూడా మారతాయి, "సత్యం" అయితే "సత్యానికి" అవ్వాలి. మర్యాదైన దారి ఒకటుంది: పేరు, ఖాళీ, "గారికి". "ప్రసాద్ గారికి", "లక్ష్మి గారికి", "సత్యం గారికి" ఏ పేరైనా చెడదు, రైతుకి చీటీ ఇచ్చే తీరు కూడా అదే. ఊరి పేర్లకి "గ్రామం నుంచి" అని అలాగే విడిగా పెట్టుకోవచ్చు.

ఈ 8204ని కొన్ని ఫారాలు "అనవసర గుర్తు" అని తీసేస్తాయి, అది కూడా చూసుకోండి. అలాగే పేరులో "అక్షరాలు మాత్రమే" అని రెగెక్స్ (పాఠం నమూనాకి సరిపోతోందో చూసే) నియమం పెడితే "శ్రీను" తిరస్కారం అవుతుంది. యూనికోడ్ లెక్కలో హల్లులు, అచ్చులు మాత్రమే లెటర్లు. గుణింతాలు, పొల్లు, సున్నా మార్కులు. 8204 ఫార్మాట్ గుర్తు. మీ నియమంలో ఈ మూడూ ఉండాలి.

వెతికితే దొరకని పేరు. దీనికి రెండు కారణాలు, రెండిటికీ మందు వేరు. మొదటిది కంటికి కనబడనిది. "వైనతేయ"లోని ఐత్వాన్ని ఒకే కోడ్‌గా (3144) దాచవచ్చు, లేదా ఎత్వం (3142), కింది గుర్తు (3158) అని రెండుగా దాచవచ్చు. తెర మీద తేడా లేదు, పోలిస్తే సమానం కావు. యూనికోడ్ నార్మలైజేషన్‌లో ఎన్‌ఎఫ్‌సీ రూపానికి మార్చి దాచుకుంటే రెండూ 3144 అవుతాయి. డేటా లోపలికి వచ్చే ప్రతి ద్వారం దగ్గర, అంటే ఫారం, ఎక్సెల్ దిగుమతి, వాట్సాప్ నుంచి అతికించిన పాఠం, అన్నిటి దగ్గరా ఇది చేయండి.

రెండోది స్పెల్లింగ్. గోదావరి పాయనే వశిష్ఠ అని, వశిష్ట అని, వసిష్ఠ అని మూడు రకాలుగా రాస్తారు. కోడ్ పరంగా మూడూ వేరు మాటలు, ఏ నార్మలైజేషనూ వాటిని కలపదు. అందుకని అసలు పేరు పక్కన ఇంకో గడి పెట్టి, వెతకడానికి మాత్రమే పనికొచ్చే "తాళం" దాచండి. దాన్ని ఇలా తయారుచేయండి: 8204, దాని జోడీ 8205 (జీరో విడ్త్ జాయినర్) తీసేయండి. ఒత్తక్షరాలని అల్పప్రాణాలు చేయండి (ఖ ని క, ఠ ని ట, ధ ని ద, భ ని బ). శ, ష లని స చేయండి. ళ ని ల, ఱ ని ర, ణ ని న చేయండి. దీర్ఘాలు హ్రస్వం చేయండి. ద్విత్వం ఉంటే ఒక్కటే ఉంచండి. వర్గాక్షరానికి ముందున్న న్, మ్ లని సున్నా చేయండి. వరస ముఖ్యం: సిద్ధ, సిద్ద, సిధ్ధ మూడూ ఒకటి కావాలంటే ముందు ధ ని ద చేసి, ఆ తర్వాతే ద్విత్వం తగ్గించాలి. తిరగేస్తే "సిద్ధ" తప్పించుకుంటుంది.

ఈ తాళంతో వచ్చినవాళ్ళందర్నీ చూపించి, ఎవరన్నది మనిషిచేతే ఎంచుకోనివ్వండి. కళ అనే పేరూ కల అనే పేరూ దీని దృష్టిలో ఒకటే. డబ్బు జమ చేసే చోట తాళాన్ని గుర్తింపుగా వాడకూడదు, అసలు పేరుని దీంతో దిద్దనూ కూడదు. పాస్‌బుక్ మీద వశిష్ట అని ఉంటే చీటీ మీదా అదే ఉండాలి.

వరసలో పేర్చడం: కోడ్ నంబర్ల ప్రకారం పేరిస్తే ళ (3123) ల కీ వ కీ మధ్య పడుతుంది, కళ్యాణి కవిత కంటే ముందొస్తుంది. మన అక్షరమాలలో ళ, హ తర్వాత. యూనికోడ్ కొలేషన్ (వరసలో పేర్చే నియమాలు) వాడి ఈ రెండు పేర్లతో సరిచూసుకోండి. క్ష ని క కింద ఉంచాలా, చివర్న ఉంచాలా అన్నది ముందే తేల్చుకోండి. నేనైతే నిఘంటువుల పద్ధతిలో క కిందే ఉంచుతాను, క తర్వాత ష గానే నిల్వ ఉంది కాబట్టి.

ప్రింటర్. చీటీలు వేసే థర్మల్ ప్రింటర్లలో చాలావాటికి షేపింగ్ రాదు. ఒక్కో కోడ్‌కి ఒక్కో బొమ్మ వేసుకుంటూ పోతాయి. తెలుగు బొమ్మలు లోపల ఉన్నా పొల్లు, వత్తు విడివిడిగానే వస్తాయి. కాబట్టి పాఠంగా పంపకండి, బొమ్మగా పంపండి. ఆండ్రాయిడ్ లోపల హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజిన్ ఉంది. తెర మీద సరిగ్గా వస్తోంది కాబట్టి అదే లేఅవుట్‌ని బిట్‌మ్యాప్ మీద గీయించి ప్రింటర్‌కి రాస్టర్ (చుక్కల బొమ్మ వేసే) ఆదేశంతో ఇవ్వండి. 58 మిల్లీమీటర్ల ప్రింటర్‌కి అంచులు పోను అచ్చు వెడల్పు 384 చుక్కలు, 80కి 576, మిల్లీమీటరుకి 8 చుక్కలు. అంచులు మెత్తబరిచే యాంటీఅలియాసింగ్ ఆపేయండి. నలుపు తెలుపు మాత్రమే తెలిసిన ప్రింటర్‌లో ఆ బూడిదరంగు చుక్కలు సున్నాని, పొల్లుని మింగేస్తాయి. బొమ్మని ముక్కలుగా పంపండి, చవక ప్రింటర్లలో బఫర్ చిన్నది.

వరస ఎత్తు దగ్గర పిసినారితనం వద్దు. ఇంగ్లీషుకి సరిపోయే ఎత్తులో "క్ష్మి" కింద మ వత్తు తెగిపోతుంది, లేదా కింది వరసలోని గుడి మీద పడుతుంది. 24 చుక్కల అక్షరానికి 40 చుక్కల వరస ఇచ్చి మొదలుపెట్టి, "స్వాతంత్ర్యం" కింద "శ్రీశైలం" వేసి చూడండి. రెండూ తగలకపోతే చాలు. ఫాంటుని యాప్‌తోపాటే పెట్టండి, నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ. ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఒక్కో ఫాంటు ఉంటే చీటీ వెడల్పు మారిపోతుంది. పీడీఎఫ్ తీయాలన్నా ఇదే నియమం: షేపింగ్ లేని లైబ్రరీలు చాలా ఉన్నాయి, క్రోమియంతో ప్రింట్ చేయించడం సులువు.

ఎస్సెమ్మెస్ పంపేట్టయితే తెలుగుకి ఒక సందేశంలో 70 కోడ్‌లే. దాటితే ముక్కకి 67. ద్రాక్షారామం ఒక్కటే పన్నెండు తినేస్తుంది కాబట్టి వాక్యం పొట్టిగా రాయండి.

చివరగా మీ పాత జాబితాల సంగతి. రైతుల పేర్లు డీటీపీ షాపులో చేయించిన ఫైళ్ళలో ఉన్నాయని రాశారు. అవి అను ఫాంట్లలో ఉంటే యూనికోడ్ కాదు. ఇంగ్లీషు కోడ్‌ల మీద తెలుగు బొమ్మలు వేసినవి, పైగా రాసే వరసలో ఉంటాయి. మార్పిడి ప్రోగ్రామ్ ఒక్కో బొమ్మని ఒక్కో కోడ్ చేస్తే చాలదు, గుడిని వత్తు దాటించి వెనక్కి పెట్టాలి. మార్చాక మూడు వెతుకులాటలు చేయండి: గుణింతపు గుర్తు వెంటనే పొల్లు ఉన్న పేర్లు, గుణింతపు గుర్తులు రెండు వరసగా ఉన్న పేర్లు (ఎన్‌ఎఫ్‌సీ చేశాకే చూడండి, లేకపోతే రెండు ముక్కల ఐత్వాలు కూడా పట్టుబడతాయి), గుర్తుతో గానీ పొల్లుతో గానీ మొదలయ్యే పేర్లు. ఈ మూడింట్లో దొరికినవన్నీ దాదాపుగా మార్పిడిలో చెడ్డవే. వాటిని ప్రోగ్రామ్‌తో దిద్దకుండా కాగితం జాబితా పక్కన పెట్టుకుని చేత్తో దిద్దండి. మార్చక ముందున్న గడిని మాత్రం ఒక సీజను గడిచేదాకా చెరపకండి.